మోచేతి ఎత్తు

మార్చి 4

ఉద్యోగం మానేశాను.

పదిహేడేళ్లు. ఒకటే కుర్చీ, ఒకటే కిటికీ, ఎడమవైపు నుంచి వెలుతురు. ఈ ఉదయం వెళ్లేసరికి నా సీట్లో పక్క సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుని బిస్కెట్లు తింటోంది. నా స్కేళ్లు, పెన్సిళ్లు, నడుముకి పెట్టుకునే దిండు, అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి లిఫ్టు పక్కన పడేశారు. పెట్టె మీద నా ఇంటిపేరు తప్పు రాశారు.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. డ్రాయింగ్ సెక్షన్‌లో మేమంతా ఆయనకి పెట్టుకున్న పేరు చిరునవ్వు. ఇల్లు తగలబడుతోందని చెప్పినా నవ్వుతూనే వింటాడు.

“ఇకనుంచి ఎవరి సీటూ ఎవరిదీ కాదండీ. ముందొచ్చినవాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటారు. అంతటా ఇదే పద్ధతి వస్తోంది.”

“మరి మీ గది?”

“నాకు మీటింగులుంటాయి కదండీ.”

నవ్వాడు. నేను అక్కడే రాజీనామా రాశాను. నిలబడే రాశాను. కూర్చుని రాద్దామంటే చోటు లేదు. ఆయన గది అద్దాల తలుపుకి కాగితం ఆనించి రాస్తుంటే లోపల్నుంచి నా అక్షరాలు ఆయనకి తిరగబడి కనిపించి ఉంటాయి. అప్పుడూ నవ్వే ఉంటాడు.

ఇంటికొచ్చేసరికి పన్నెండు. మా ఆవిడ చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలికింద పెడల్‌తో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, డాక్టర్లు చెప్పి పంపిన రికార్డింగులు వింటూ రిపోర్టులు టైపు చేస్తోంది. ఆరేళ్లుగా ఇంటినుంచి అదే పని. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది.

“ఏంటి, ఇంత తొందరగా వచ్చేశారు?”

“మానేశా.”

పెడల్ మీంచి కాలు తీసి కాసేపు నా మొహంలోకి చూసింది. “టీ పెట్టనా?” అంది.

పదిహేడేళ్లకి ఒక టీ.

మార్చి 5

నాకు కోపం లేదు. ఈ మాట రాసి పెట్టుకోవాలి.

మార్చి 7

నిర్ణయించుకున్నాను. ఇంట్లోనే ఆఫీసు. పంపులకీ మిషన్లకీ విడిభాగాల డ్రాయింగులు గీయించుకునేవాళ్లకి కొదవ లేదు. కానీ ముందు కూర్చునే చోటు సరిగ్గా ఉండాలి. ఇన్నేళ్లూ ఎవరో ఇచ్చిన టేబుల్‌కి నేను ఒదిగాను. ఈసారి టేబులే నాకు ఒదగాలి.

చిన్న గదే సరైనది. కిటికీ ఎడమవైపు. హాల్లో కంటే వెలుతురు నిలకడగా ఉంటుంది. మా ఆవిడకి చెప్పాను.

“మరి నేనెక్కడ చేసుకోను?”

“హాల్లో డైనింగ్ టేబుల్ ఉందిగా. తాత్కాలికమే. నాది కుదురుకోనీ, తర్వాత నీ సంగతి చూద్దాం.”

“తర్వాతంటే?”

“తర్వాతంటే తర్వాత.”

లాప్‌టాప్ వైరు ఊడదీసి చుట్టింది. అర్థం చేసుకుంది. ఆమెలో ఆ గుణం ఉంది.

మా అమ్మాయి చేత టేపు పట్టించి కొలతలు తీసుకున్నాను. తొమ్మిదో తరగతికొచ్చింది, టేపు వంకర పోకుండా పట్టుకోవడం రాదు. రెండుసార్లు కసిరాను. కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా నలభై ఆరు సెంటీమీటర్లు. మోచేతి దాకా డెబ్బై ఒకటి. కంటి దాకా నూట ఇరవై ఎనిమిది. ఈ మూడంకెలు చాలు. ఏ ఆఫీసులోనూ, ఏ మేనేజరూ, ఏ ఉద్యోగినీ అడగని మూడంకెలు.

మార్చి 11

వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. మంచి పనివాడని అందరూ అంటారు. నోరు మాత్రం ఊరుకోదు.

“అందరికీ ముప్పై అంగుళాల ఎత్తే చేస్తాం సార్. డెబ్బై ఆరు సెంటీమీటర్లు. ఇప్పటిదాకా ఎవ్వరూ ఏమీ అనలేదు.”

“అందరూ భుజాలు పైకెత్తుకుని చేస్తున్నారు కాబట్టే అందరికీ మెడనొప్పులు. నాకు డెబ్బై ఒకటి కావాలి. చెయ్యి టేబుల్ మీద పెడితే మోచెయ్యి సరిగ్గా మూలమట్టంలో, తొంభై డిగ్రీల్లో ఉండాలి.”

“ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే...”

“ఒక్క మిల్లీమీటరు కూడా కుదరదు.”

నాలుగు షీట్ల డ్రాయింగు చేతికిచ్చాను. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి, కోసి చూపిస్తే లోపలినుంచి. తిప్పి తిప్పి చూశాడు.

“ఇది టేబులా సార్, రాకెట్టా?”

నవ్వలేదు నేను. వారంలో ఇంకో మనిషి నా పని చూసి నవ్వితే ఊరుకునే ఓపిక లేదు.

గోడ మూలకి రెండు వైపులా కట్టాలి కాబట్టి గదిలోనే తయారు చెయ్యాలన్నాడు. సరే అన్నాను. గదిలో ఉన్న బల్ల సంగతి అడిగాడు. మా ఆవిడది. పెళ్లికి ముందు ఆమె టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుంటే కొనుక్కుని తెచ్చుకుంది. కురచగా, చిన్నపిల్లల బల్లలా ఉంటుంది. దాని ముందు నేను కూర్చుంటే మోకాళ్లు ఇరుక్కుంటాయి.

“టేకు సార్ ఇది. ఇట్లాంటి చెక్క ఇప్పుడు దొరకదు.”

“అయితే షెల్ఫులకి వాడెయ్.”

సాయంత్రం ఆమెకి చెప్పాను. అప్పటికే కోసేశారు.

మార్చి 15

డైనింగ్ టేబుల్ మీద, చెక్క పైన అతికించే లామినేట్ ముక్కలు పదకొండు రకాలు పరిచాను. ఉదయపు వెలుతుర్లో ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. మూడు రోజులు ఎవరూ కదపొద్దని చెప్పాను. మా ఆవిడ వంటగదిలో గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి చేస్తోంది. నిలబడి పనిచెయ్యడం నడుముకి మంచిదని ఎక్కడో చదివాను. ఆ మాటే చెప్పాను.

“నిలబడితే పెడల్ తొక్కడం కుదరదు” అంది.

“మరి?”

“కీబోర్డు మీదే నొక్కుతున్నా. ఆపడానికొకటి, వెనక్కి తిప్పడానికొకటి, ముందుకొకటి.”

అయితే ఇబ్బందేం లేదన్నమాట.

మార్చి 19

మేస్త్రీ మీద అరిచాను. కుడివైపు మూడు మిల్లీమీటర్లు దిగి ఉంది. లెవెల్ పెట్టి చూపించాను.

“మీ నేలే వాలు సార్.”

“నేల వాలైతే కాలు పెంచు. నేలని పంపించేస్తావా ఇంటికి?”

ఆ కాలు తీసి మళ్లీ చేశాడు. మధ్యాహ్నమంతా డ్రిల్లు మోగింది. డైనింగ్ టేబుల్ మేస్త్రీ సామాన్లతో నిండింది కాబట్టి ఇంకా వంటింట్లోనే చేసుకుంటున్న మా ఆవిడ తలుపు మూసుకుంది. మూసే తీరులోనే తెలుస్తుంది మనిషికి విసుగొచ్చిందని. ఎవరి కోసం చేయిస్తున్నాను ఇదంతా? కుటుంబం కోసం కాదూ?

మార్చి 23

పద్నాలుగు కుర్చీల్లో కూర్చుని చూశాను. చివరికి షాపతను నాకు చూపించడం మానేసి తనే ఒకదాంట్లో కూలబడ్డాడు.

మార్చి 28

చిరునవ్వుగారికి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. మొదటి పేజీలో సభ్యత ఉంది. రెండో పేజీలో అరవై తొమ్మిది పంపు డ్రాయింగుల్లో నేను పట్టుకున్న తప్పుల జాబితా ఉంది. మూడో పేజీ మళ్లీ చదివి చింపేశాను. మిగతా రెండూ కూడా పంపలేదు. పంపితే చదివి నవ్వుతాడు.

ఏప్రిల్ 2

అయింది.

రాయకుండా ఉండలేను. కూర్చోగానే రెండు ముంజేతులూ వాటంతట అవే టేబుల్ మీద వాలాయి, ఎవరో పట్టుకుని దింపినట్టు. భుజాలు దిగాయి. పాదాలు నేలమీద నిండుగా ఆనాయి. మానిటర్ పైఅంచు కంటికి సమానంగా, చెయ్యి చాచినంత దూరంలో. కాగితాలు ఎడమచేతికి, స్కేళ్లు కుడిచేతికి. అన్నీ లేవకుండానే అందుతాయి. అంచు గుండ్రంగా తీయించాను, మణికట్టుకి ఒరుసుకోకుండా.

మా ఆవిడనీ అమ్మాయినీ పిలిచి చూపించాను.

“బావుంది” అంది మా ఆవిడ. షెల్ఫుల వైపు చూసి అంది.

రేపటినుంచి పని.

ఏప్రిల్ 3

పదింటికి కిటికీ అద్దం మానిటర్‌లో మెరుస్తోంది. కర్టెన్ కావాలి. అదయ్యేదాకా పని మొదలుపెట్టడం తెలివితక్కువ.

ఏప్రిల్ 4

కర్టెన్ వేస్తే చీకటి. దీపం కావాలి.

ఏప్రిల్ 6

పక్క సీటాయన ఫోన్ చేశాడు. పదిహేడేళ్లు నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు రోజుకో మూల కూర్చుంటున్నాడు పాపం.

“నాకు తెలిసినవాళ్లకి గోడకి పంపు బిగించే బ్రాకెట్ డ్రాయింగ్ ఒకటి కావాలి. రెండ్రోజుల పని. నీ పేరు చెప్పా.”

“ఇంకా వైర్లు సర్దలేదురా. సగం సగం ఏర్పాట్లతో మొదలెడితే పని పాడవుతుంది.”

“వైర్లకీ బ్రాకెట్‌కీ ఏంటి సంబంధం?”

వీడికి ఎప్పుడూ అంతే, పనంటే మర్యాద లేదు. వచ్చేవారం చెప్తానన్నాను. వాళ్లు వచ్చేవారం దాకా ఆగరట. ఆగకపోతే పోనీ.

ఏప్రిల్ 9

మా ఆవిడ కుడిచేతి మణికట్టుకి పట్టీ వేసుకుంది. బెణికిందట. కూరగాయలు అమ్మాయే తరిగింది, ముక్కలన్నీ తలో సైజు.

ఏప్రిల్ 12

ఇవాళ పెద్ద గొడవ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనమయ్యాక ఆమె నా గది గుమ్మంలో నిలబడింది. నేను వైర్లకి చీటీలు అంటిస్తున్నాను.

“గది ఎప్పటికి ఖాళీ అవుతుంది?”

“ఖాళీ ఏంటి? ఇది నా ఆఫీసు.”

“తాత్కాలికమన్నారు.”

“నీది తాత్కాలికమన్నాను. నాది కాదు.”

అప్పుడు చెప్పింది. శుక్రవారం ఒక రిపోర్టులో డాక్టరు ఫిఫ్టీన్ అంటే ఆమెకి ఫిఫ్టీ అని వినపడిందట. మందు మోతాదు. అదే సమయానికి కుక్కర్ ఈలేసిందట. ఆస్పత్రిలో ఒక నర్సు చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. కంపెనీ వాళ్లు హెచ్చరిక పంపారు. ఇంకొక తప్పు దొర్లితే పని ఆపేస్తారట.

“ఆరేళ్లలో మొదటిసారండీ. ఆ పేషెంటు ముసలావిడ. కిడ్నీలు సరిగా లేనావిడ. నాకు రెండ్రోజుల్నుంచి కాళ్లూ చేతులూ ఆడట్లేదు.”

“వినేటప్పుడు శ్రద్ధగా వినాలి. అనుమానమొస్తే వెనక్కి తిప్పి వినాలి.”

చూసింది నన్ను. అలాంటి చూపు పెళ్లయిన పదహారేళ్లలో ఎప్పుడూ చూడలేదు.

“వెనక్కి తిప్పడానికే కదా పెడల్ ఉండేది” అంది.

“ఆ రోజు డ్రిల్లు కూడా లేదు. నన్నెందుకు అంటావు?”

“నేను మిమ్మల్ని ఏమీ అనలేదు. గది అడిగాను. పోనీ నా బల్ల ఇవ్వండి, ఏ మూలో వేసుకుంటా.”

బల్ల షెల్ఫుల్లో ఉంది. ఆమెకీ తెలుసు. తెలిసే అడిగింది. అదీ నాకు మండింది. ఇంటికి మంచి చేద్దామని ఒక మనిషి నెలరోజులు తిండీ తిప్పలూ మాని తిరుగుతుంటే, ఒక కురచ బల్ల కోసం నన్ను దోషిని చెయ్యడం. గట్టిగానే అన్నాను. అమ్మాయి తన పుస్తకం తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది.

డ్రిల్లు శుక్రవారం వాడాం. దీపం బిగించడానికి. పావుగంటే.

ఏప్రిల్ 14

ఎనిమిదిన్నరకి మా ఆవిడ లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, పెడల్ సంచిలో వేసుకుని వాళ్లక్క ఇంటికి వెళ్లింది. రెండు వీధుల అవతల. సాయంత్రం ఆరుకి వచ్చింది. రేపూ వెళ్తుందట.

వంట చేసిపెట్టే వెళ్లింది. కోపమొచ్చినవాళ్లు అలా చెయ్యరు.

ఏప్రిల్ 15

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పని చెయ్యడానికి ఇంతకంటే అనువైన వాతావరణం ఉండదు. మోచెయ్యి మూలమట్టంలో ఉంది. కాళ్లు నేలకి ఆనాయి. దీపం నీడ పడట్లేదు.

సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఏప్రిల్ 17

అమ్మాయి బడినుంచి వచ్చి నా గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఆగిపోయింది.

“నాన్నా, ఒకటి అడగనా? అరవనంటేనే అడుగుతా.”

“అడుగు.”

“అమ్మ కూడా రాజీనామా చేసినట్టేనా?”

“దేనికి?”

“ఇంటికి.”

అరవనని మాటిచ్చాను కాబట్టి అరవలేదు. చేతిలో ఉన్న స్కేలు టేబుల్‌కేసి కొట్టాను. విరిగింది. పన్నెండేళ్ల స్కేలు. పిల్ల బెదిరి లోపలికి పోయింది. గుండ్రంగా తీయించిన అంచు మీద గాటు పడింది.

ఏప్రిల్ 18

పిల్లకి నోరెక్కువైంది. వాళ్లమ్మ పోలిక. కానీ వాళ్లమ్మకి నోరు లేదే.

ఏప్రిల్ 19

ఇక లాభం లేదని ఆమెని తీసుకొచ్చేద్దామని బయల్దేరాను. దారంతా అనాల్సిన మాటలు కూర్చుకున్నాను. వరసగా నాలుగు, ఒకదానికంటే ఒకటి పదునైనవి.

వదినగారు తలుపు తీసింది. “రండి మరిదిగారూ. మీ ఆఫీసుకి ఇవాళ సెలవా?” అంది. ఆవిడ ఎప్పుడూ అంతే, నవ్వుతూనే చురక వేస్తుంది.

“మా ఆవిడేది?”

“పనిలో ఉంది. చప్పుడు చెయ్యకండి.”

మెట్లకింద ఒక అర ఉంది. పాత సూట్‌కేసులు, విరిగిన ఫ్యాను, చుట్టిన పరుపు. వాటి మధ్య వదినగారి కుట్టుమిషను. మిషను తల కిందికి దించేసి ఆ చెక్క మీద లాప్‌టాప్ పెట్టుకుని మా ఆవిడ కూర్చుంది. ముక్కాలి పీట మీద. మెట్ల వాలు తలకి తగులుతుందని మెడ ఒక పక్కకి వంచి టైపు చేస్తోంది. నేను వచ్చింది ఆమెకి తెలియదు. కళ్లు మూసుకుని వింటోంది. కాలు పెడల్ మీద చిన్నగా కదులుతోంది. ఆపుతోంది, వెనక్కి తిప్పుతోంది, మళ్లీ వింటోంది. ఒకే మాట నాలుగుసార్లు విన్నట్టుంది. తర్వాత టైపు చేసింది.

తెచ్చుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“రోజూ అంత ఇరుకులో ఎందుకు, హాల్లో కూర్చోమన్నా వినదు” అంది వదినగారు. “ఇక్కడైతే ఎవరూ లేపరక్కా అంటుంది.”

ఆమె హెడ్‌ఫోన్లు తీశాక చెప్పాను. “ఇంటికి రా. గది నీకే ఇచ్చేస్తున్నాను. టేబుల్, కుర్చీ, దీపం అన్నీ. నేను హాల్లో చేసుకుంటాను.”

ఇంత పెద్ద మాట అనడానికి నాకెంత కష్టమైందో ఎవరికీ తెలియదు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయనుకున్నాను.

“రేపొచ్చి చూస్తాను” అంది.

ఏప్రిల్ 20

వచ్చింది. నా కుర్చీలో కూర్చుంది. పాదాలు నేలకి అందలేదు. నాలుగు వేళ్ల ఎత్తున గాల్లో ఊగుతున్నాయి.

“కుర్చీ కిందికి దించు. పక్కన మీట ఉంది.”

“దించాను. ఇదే ఆఖరు.”

“అంచుకి జరిగి కూర్చో.”

జరిగింది. చేతులు టేబుల్ మీద పెడితే భుజాలు చెవుల దగ్గరికి లేచాయి. నేను తిట్టిపోసిన ఆ ముప్పై అంగుళాల టేబుళ్ల ముందు కూర్చున్నవాళ్లలాగే ఉంది.

“పీట వేస్తాను కాళ్లకింద.”

“పీట మీద పెడల్ నిలవదు. జారిపోతుంది.”

“పోనీ పెడల్ లేకుండా...”

అప్పుడు లేచింది. పట్టీ వేసిన చెయ్యి నా మొహం ముందు పెట్టింది.

“పెడల్ లేకుండానే చేశాను నెలరోజులు. అందుకే ఇదిలా అయింది. రోజుకి ఎన్నివేల సార్లు నొక్కుతానో తెలుసా మీకు?”

“నాకెలా తెలుస్తుంది? చెప్పాలిగా.”

“ఏం చెప్పాలి? గదిలోంచి హాల్లోకి పొమ్మన్నారు, పోయాను. హాల్లో చెక్కముక్కలు పరిచారు, వంటింట్లోకి పోయాను. వంటింట్లోంచి ఎక్కడికి పొమ్మంటారో అని చూస్తున్నా. మీ సీటు తీసేస్తే మీరు మేనేజరు మొహాన రాజీనామా కొట్టి వచ్చేశారు. నేనెవరి మొహాన కొట్టాలి? నా బల్ల కోసేటప్పుడు పక్కన హాల్లోనే ఉన్నానండీ. రంపం చప్పుడు విన్నాను. మీ టేబుల్‌కి చెక్క కోస్తున్నారనుకున్నా.”

ఆమె గొంతు ఎప్పుడూ అంత పైకి లేవదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ అరిచాను. ఏం అరిచానో రాయను.

సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఇవాళ వంట చెయ్యలేదు.

ఏప్రిల్ 21

రాయాలి. నిన్న నేను అరిచిన మాట: “నీదేమన్నా పెద్ద ఉద్యోగమా?”

ఇంట్లో ఇప్పుడున్న ఉద్యోగం అదొక్కటే.

ఏప్రిల్ 22

ఉదయం కూర్చున్నాను, కోపంగానే. ఆమెకి సరిపోయే టేబుల్ గీసి మొహాన కొడదామని. కాగితం పరిచి, గీతకి ముందు అంకె వెయ్యాలి కదా, మోకాలి ఎత్తు దగ్గర ఆగిపోయాను. తెలియదు. మోచేతి ఎత్తు తెలియదు. ఈ ఇంట్లో ప్రతి తలుపూ ప్రతి అలమారా నాకు మిల్లీమీటర్లతో సహా తెలుసు. ఊహించి వేద్దామంటే చెయ్యి సాగలేదు. ఊహించి వేసిన కొలతతో గీతలు గీసినవాళ్లని పదిహేడేళ్లు తిట్టాను నేను.

టేపు జేబులో వేసుకుని వదినగారింటికి వెళ్లాను.

“కొలతలు తీసుకోవాలి.”

“ఎందుకు?”

“టేబుల్‌కి.”

“మీ టేబుల్ కాళ్లు కోసి ఇస్తారా? నాకొద్దు.”

“కాదు. కొత్తది.”

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. తర్వాత పీట మీద నిటారుగా కూర్చుంది, మొహం పక్కకి తిప్పుకుని. నేను నేలమీద కూర్చుని కొలిచాను. మోకాలి మడత ముప్పై ఏడు. మోచెయ్యి యాభై తొమ్మిది. నాకంటే పన్నెండు సెంటీమీటర్లు తక్కువ. అనుమానమొచ్చి మళ్లీ కొలిచాను.

“దర్జీ కూడా ఇన్నిసార్లు కొలవడు మరిదిగారూ” అంది వదినగారు మెట్ల మీంచి.

టేపు చుట్టాను. నేను మొన్నటి మాట గురించి ఏదో అనబోయాను. “కొలతలు రాసుకోండి, మర్చిపోతారు” అంది మా ఆవిడ.

ఏప్రిల్ 24

డ్రాయింగు తీసుకెళ్లి చూపించాను. ఒకటే షీటు. బాగానే వచ్చిందనుకున్నాను. ఆమె పెన్సిల్ అడిగింది. ఆరేళ్లుగా ఆమె పక్కనుంచి నడిచి వెళ్తూనే ఉన్నాను, పెడల్ కుడిపక్క గీశాను. ఎడమపక్కకి బాణం గీసింది. ఎడమకాలితో తొక్కుతుందట. పెడల్ జారకుండా కింద ఒక అడ్డపట్టీ కావాలంది. బొమ్మలో కుర్చీని తలుపు వైపుకి తిప్పేసింది.

“అటు తిప్పితే వెలుతురు కుడినుంచి వస్తుంది. అది తప్పు.”

“నేను గీతలు గియ్యను కదా. నాకు వీపు వెనక తలుపు ఉండకూడదు. ఎవరొస్తున్నారో అని ఒక చెవి అటే ఉంటుంది. నాకు రెండు చెవులూ కావాలి.”

చివరికి తలుపు మీద చిన్న గీత గీసి పక్కన రాసింది: లోపలి గడియ.

నాకు మళ్లీ చిర్రెత్తింది. “ఇంట్లో గడియ ఎవరికోసం?”

“మీకోసమే” అంది.

పెన్సిల్ తిరిగిచ్చేసింది. “అయ్యాక చెప్పండి. కూర్చుని చూసి అప్పుడు వస్తాను.”

ఏప్రిల్ 26

నా టేబుల్ గుమ్మంలోంచి బయటికి రాదు. గదిలోనే కట్టాం కదా.

“కొయ్యాల్సిందే సార్” అన్నాడు మేస్త్రీ. “జాలేస్తోంది. అమ్మగారి బల్లప్పుడూ ఇలాగే అనిపించింది. అప్పుడు చెప్పాల్సింది, మీరున్న ఊపు చూసి నోరు మూసుకున్నా.”

అందరూ నోరు మూసుకున్నారన్నమాట. ఊరంతా. రంపం ఇమ్మన్నాను. నేనే కోశాను. అలవాటు లేని చెయ్యి, గంటన్నర పట్టింది. చిరునవ్వుగారి మీద కోపంతో మొదలుపెట్టాను, సగం దాటాక ఆయన గుర్తు రాలేదు. అరచేతుల్లో బొబ్బలు. చెమట కళ్లలోకి కారుతుంటే అమ్మాయి మంచినీళ్లు తెచ్చి చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టి పోయింది.

షెల్ఫుల టేకు పలకలు ఊడదీయించాను. కొత్త టేబుల్ పైభాగానికి సరిపోవు, ముక్కలైపోయాయి. సొరుగులకి వస్తాయన్నాడు.

ఏప్రిల్ 29

పక్క సీటాయనకి నేనే ఫోన్ చేశాను. బ్రాకెట్ ఎవరో చేసేశారట. పైపు బిగించే క్లాంపు ఒకటి ఉందట, చిన్నపని.

“నీ ఏర్పాట్లన్నీ అయ్యాయా?” అన్నాడు.

“లేదు. పంపించు.”

మే 3

డైనింగ్ టేబుల్ మీద క్లాంపు గీస్తున్నాను. డెబ్బై ఆరు సెంటీమీటర్లు. భుజాలు లేస్తున్నాయి, మెడ పట్టేసింది, అమ్మాయి ఎదురుగా కూర్చుని లెక్కలు చేస్తూ టేబుల్ ఊపుతోంది. అయినా పక్కనుంచి చూపించే బొమ్మ పూర్తయింది.

మే 6

మా ఆవిడ పదింటికి వచ్చింది, సంచితో. చెప్పులు విప్పి నేరుగా గదిలోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కూర్చుంది. రెండు పాదాలూ నేలమీద ఆనించింది. పెడల్ కింది అడ్డపట్టీకి ఆనించి నాలుగుసార్లు తొక్కి చూసింది. చేతులు టేబుల్ మీద పెట్టింది. పట్టీ వేసిన మణికట్టు మెల్లగా దించింది. సొరుగు తెరిచి, లోపలి టేకు చెక్కని వేలితో నిమిరి, మూసేసింది.

బావుందనలేదు. “సరిపోయింది” అంది.

“ఆ రోజు అన్నమాట...” అన్నాను.

“గుర్తుంది” అంది. “పదింపావుకి నాకు ఫైలు వస్తుంది.”

నేను ఇవతలికొచ్చాను. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. కాసేపటికి టైపు చప్పుడు మొదలైంది. ఆగింది, వెనక్కి తిప్పి విన్నట్టుంది, మళ్లీ మొదలైంది.

క్లాంపు షీటు అంచులు కత్తిరించాలి. కత్తెర ఎక్కడ పెట్టిందో అడుగుదామని లేచి తలుపు దాకా వెళ్లాను. తట్టబోయిన చెయ్యి దించేశాను.

మూడు సొరుగులు వెతికాను. వంటింట్లో దొరికింది.